చైత్రంలో పూల నడక: మెట్లదారా, తలకోనా, హార్స్‌లీ కొండా?

మార్చి వచ్చిందంటే కాలిఫోర్నియాలో ఉన్న మా చెల్లెలి నుంచి ఫోటోలు మొదలవుతాయి. పచ్చటి గుట్టలు, వాటి మీద అక్కడొకటి ఇక్కడొకటి గొడుగుల్లా పరుచుకున్న ఓక్ చెట్లు, కింద కనకాంబరం రంగు పాపీ పూలు, పక్కనే నీలం లూపిన్లు. ఫోటోల వెనకాలే ప్రశ్న: "అక్కా, ఏప్రిల్లో వస్తున్నాం. పిల్లలకి మన దగ్గర ఇట్లాంటి పూల కొండ ఏదన్నా చూపించు. ఎక్కడికి పోదాం?"

మొదట్లో ఆలోచించకుండా తలకోన అనేసేదాన్ని. తిరుపతిలో ఏ చుట్టం వచ్చినా ముందు నోటికొచ్చేది తలకోనే కదా. ఇప్పుడు మాత్రం ఎదురు ప్రశ్న వేస్తున్నాను. కిందికి చూసే పూలు కావాలా, తలెత్తి చూసే పూలు కావాలా? అది తేలితే ఏ కొండ, ఏ నెల, ఎంత నడక అన్నవి చాలావరకు తేలిపోతాయి.

ఈ ప్రశ్న నేర్చుకోవడానికి నేను డబ్బు కట్టాను. కొన్నేళ్ల కిందట మార్చి మూడో వారంలో, 'వసంత పూల ట్రెక్' అని వాట్సాప్‌లో తిరుగుతున్న ప్రకటన చూసి, మా ఆయన వద్దంటున్నా ఇద్దరికీ కట్టేశాను. ప్రకటనలో మోకాలెత్తు పూల మధ్య నవ్వుతున్న అమ్మాయి బొమ్మ. తెల్లారి నాలుగున్నరకు వ్యాను ఎక్కించి, ఏడింటికి ఒక గుట్ట కింద దించారు. ఎదురుగా ఎండి తెల్లబడిన గడ్డి, మధ్యలో నిప్పంటుకుని కాలిపోయిన నల్ల మచ్చ. పూలేవయ్యా అంటే "పైన ఉంటాయి మేడం" అన్నాడు తీసుకొచ్చిన అబ్బాయి. పైకి పోకముందే ఫారెస్టు వాళ్లు ఎదురొచ్చారు. "యాడికి పోతా ఉండారు? పర్మిషన్ ఏదీ?" అబ్బాయి దగ్గర ఏ కాగితమూ లేదు. అరగంట నిలబెట్టి, అందరి పేర్లూ రాసుకుని వెనక్కి పంపారు.

డబ్బు తిరిగి రాలేదు, దాని సంగతి వదిలేయండి. వ్యాను దగ్గరికి తిరిగొచ్చాక చూస్తే, అది ఆగి ఉన్న మలుపులోనే, బండరాయి నెర్రెలో నిలబడ్డ ఒక చెట్టు. ఒంటి మీద ఒక్క ఆకు లేదు. కొమ్మల చివర అరచేయంత పసుపు పూలు. పొద్దున దాని కిందే నిలబడి ఫ్లాస్కులో టీ పంచుకుని తాగాం. ఒక్కరమూ తలెత్తలేదు. అందరం నేల మీద పూలు వెతుకుతూ ఉన్నాం మరి.

ఆ చెట్టు కొండగోగు.

ముందు వాన లెక్క

గడ్డిలో పూసే చిన్న మొక్కలు వానను బట్టి పూస్తాయి, పంచాంగాన్ని బట్టి కాదు. కాలిఫోర్నియాలో వాన చలికాలంలో పడుతుంది, ఇంచుమించు నవంబరు నుంచి మార్చి దాకా. ఎండాకాలం చుక్క రాలదు. అందుకని అక్కడి గింజలు చలిలో మొలకెత్తి, ఎండ ముదిరేలోపు గబగబా పూసి, గింజ కట్టి, ఎండిపోతాయి. మా చెల్లెలు మార్చిలో పచ్చగా చూపించిన గుట్టే జూన్‌లో గోధుమరంగులో ఉంటుంది. వాళ్ల వసంతం అంటే వానలు వెనకబడుతున్న కాలం అన్నమాట.

మనకు లెక్క వేరు. నైరుతి కొంత తడుపుతుంది, తిరుపతి వైపు అసలు వాన అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్యంతో వస్తుంది. కాబట్టి కిందికి చూసే పూలు మనకు సెప్టెంబరు నుంచి సంక్రాంతి దాకా. గునుగు, తంగేడు, తుమ్మి, వేలిగోరంత నీలంగా విష్ణుక్రాంత, కంచెల మీద ఎరుపూ పసుపూ మంటలా అగ్నిశిఖ. ఉగాది నాటికి గుట్టల మీద వాన ఆగిపోయి మూడు నెలలు దాటి ఉంటుంది. ఇంక నేల మీద ఏముంటుంది, ఎండుగడ్డీ పల్లేరు కాయలూ తప్ప.

మరి మనకు వసంతమే లేదా అంటే, ఉంది, చెట్ల మీద ఉంది. శేషాచలం వాలుల్లో ఎక్కువ భాగం ఆకు రాల్చే అడవి. నీళ్లు దొరకని కాలంలో ఆకులు ఉంచుకుంటే చెట్టుకు నష్టం, వాటిలోంచి తడి ఆవిరైపోతుంది. అందుకే రాల్చేస్తుంది. మానులో, వేళ్లలో దాచుకున్న తడితో పూత మాత్రం పూస్తుంది. ఆకుల అడ్డం లేదు కాబట్టి తేనెటీగకీ పిట్టకీ దూరం నుంచే కనబడుతుంది. మనకూ కనబడుతుంది, తలెత్తితే.

ఏ నెలలో ఏది అన్నది మోటుగా ఇలా. ఫిబ్రవరిలో బూరుగ, మోదుగ, కొండగోగు మొదలవుతాయి, చిత్తూరు రోడ్డు పొడుగునా తోటల్లో మామిడి పూత వాసన. మార్చిలో కానుగ, వేప, ఇప్ప, ఊడుగ. ఏప్రిల్లో ఎర్రచందనం, బిక్కి, రేల. మే వచ్చేసరికి రేల చెట్లు పసుపు గుత్తులు వేలాడేసుకుని ఉంటాయి కానీ ఆ ఎండలో మనం నిలబడలేం. వాన వెనకా ముందూ అయితే ఇవీ రెండు మూడు వారాలు అటూ ఇటూ జరుగుతాయి. ఒక్క వారాంతమే సెలవు దొరికేవాళ్లకి నా ఓటు మార్చి మొదటి పదిహేను రోజులకు. మోదుగ అయిపోవస్తూ, కొండగోగు నిండుగా, ఊడుగ వాసన మొదలవుతూ ఉంటాయి. ఎండ ఇంకా చేయి చేసుకోదు.

రెండు మెట్లదారుల్లో ఏది

తిరుపతిలో ఉన్నవాళ్లకు చేతికందే అడవి నడక ఇదే. అనుమతుల గొడవ లేదు, దారి తప్పే భయం లేదు. అలిపిరి దారి సుమారు 9 కిలోమీటర్లు, 3550 మెట్లు. శ్రీవారి మెట్టు 2 కిలోమీటర్లకు కాస్త ఎక్కువ, 2388 మెట్లు, శ్రీనివాస మంగాపురం వైపు నుంచి ఎక్కాలి.

పూల కోసమైతే శ్రీవారి మెట్టు. కారణం చిన్నది. అలిపిరి దారికి పొడుగునా కప్పు వేశారు. ఎండకూ వానకూ అది మంచిదే, భక్తులకు కావాల్సిందీ అదే. తలెత్తి చూసే పూల కాలంలో మాత్రం తలెత్తితే కప్పే కనబడుతుంది. పైగా గాలిగోపురం దాకా దుకాణాలు, జనం, మొక్కజొన్న పొత్తుల పొగ. శ్రీవారి మెట్టు మీద కూడా కప్పులున్నాయి, కానీ దారి సన్నగా లోయను ఆనుకుని ఎక్కుతుంది కాబట్టి పక్కకు తిరిగితే ఎదుటి వాలు మొత్తం కనబడుతుంది. వాలు మీద బూడిదరంగు కొమ్మల మధ్య పసుపు చుక్కలు కనబడితే అవి కొండగోగులే. ఎదుటి వాలు చూడటానికి చవక బైనాక్యులర్స్ ఉన్నా చాలు.

నా మోకాళ్లకు శ్రీవారి మెట్టు కష్టం, దాచుకునేది ఏముంది. దూరం తక్కువే కానీ నిట్టనిలువు. అలిపిరిలో గాలిగోపురం దాటాక చాలాసేపు చదునుగా నడుస్తాం, మోకాళ్ల పర్వతం దగ్గర మళ్లీ పరీక్ష. ఘాట్ రోడ్డు పక్కన నడిచే ఆ భాగంలో కప్పు పక్కకు వచ్చి చూస్తే, అడ్డంగా పొరలు పొరలుగా పేర్చినట్టున్న ఎర్ర రాతి గోడలు, వాటి నెర్రెల్లో చెట్లు. మట్టి పిడికెడు కూడా లేని చోట అంత పువ్వు ఎలా పూస్తుందో ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే. పెద్దవాళ్లతో వెళ్తే అలిపిరే మేలు, పూలు తగ్గితే తగ్గాయి.

చిరుత సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. 2023 ఆగస్టులో అలిపిరి దారిలో ఒక చిన్నారి ప్రాణం పోయింది. ఆ తర్వాత పిల్లల్ని మధ్యాహ్నం దాటాక నడకదారిలో పంపకుండా నిబంధనలు పెట్టారు. వేళలు మారుతూ ఉంటాయి, బయల్దేరే ముందు దేవస్థానం ప్రకటన చూసుకోండి. పూల కోసం వెళ్లేవాళ్లకు ఎలాగూ పొద్దున్నే మంచిది. పిల్లల్ని ముందుకు పరిగెత్తనివ్వకుండా గుంపుగా నడవండి.

ఇంకో మాట. కొండ మీద పూలు స్వామివి. తిరుమలకు పుష్పమంటపం అని పేరు, అక్కడ ఆడవాళ్లం తల్లో పూలు పెట్టుకోం. మా అమ్మమ్మ అలిపిరిలో పాదాల మండపం దగ్గరే జడలో మల్లెలు తీసి పక్కన పెట్టేసేది. ఆ అలవాటును దారి పక్కన చెట్లకు కూడా పొడిగించుకుంటే సరి, కోయకూడదని వేరే చెప్పక్కర్లేదు. రాలిన పువ్వును మాత్రం చేతిలోకి తీసుకుని చూడండి. కొండగోగు రేకు పట్టు చీర అంచులా పలచగా ఉంటుంది, ఐదు రేకుల మధ్య కేసరాలు కుంచెలా నిలబడి ఉంటాయి, వేళ్లకు పసుపు అంటుకుంటుంది. పక్కనే మూసుకున్న మొగ్గలు గోధుమరంగు గుండీల్లా.

అసలైన అడవి నడక కావాలంటే తీర్థ ముక్కోటి

ఈ ఎంపిక గురించి తిరుపతి వాళ్లకు బాగా తెలుసు, కానీ పూల నడకగా ఎవరూ చూడరు. నా లెక్కలో మన జిల్లాలో వసంత నడకల్లో దీన్ని మించింది లేదు.

శేషాచలం లోపలికి మామూలు రోజుల్లో ఇష్టం వచ్చినట్టు పోలేం. ఈ కొండలు 2010 నుంచి బయోస్ఫియర్ రిజర్వు, అందులో 353 చదరపు కిలోమీటర్లు శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానం. దానికి తోడు ఎర్రచందనం దొంగల కోసం నిత్యం గాలింపు. సంచి భుజానేసుకుని అడవిలోకి దిగినవాడు పూలు చూడ్డానికి వచ్చానంటే నమ్మే కాలం కాదు. కానీ ఏడాదిలో కొన్ని రోజులు ఆ అడవి దారులే తీర్థాలకు వెళ్లే భక్తుల కోసం తెరుస్తారు, వాటినే తీర్థ ముక్కోటి అంటారు. కుమారధార తీర్థ ముక్కోటి ఫిబ్రవరి, మార్చిల్లో వస్తుంది. తుంబురు తీర్థ ముక్కోటి మార్చి, ఏప్రిల్ పౌర్ణమికి. తేదీలు ఏటా మారతాయి.

తుంబురు దారి పాపవినాశనం దగ్గర మొదలవుతుంది. రాళ్లు, వాగులు, గడ్డి వాలులు, మళ్లీ రాళ్లు. రానుపోను పొద్దంతా పడుతుంది. గుండె జబ్బు, ఆయాసం, బీపీ ఉన్నవాళ్లు, పెద్ద వయసువాళ్లు వద్దని దేవస్థానమే చెప్తుంది, వినండి. దారిలో మజ్జిగ, అన్నం పొట్లాలు, వైద్య సాయం పెడతారు. మీ నీళ్లు మీరు తెచ్చుకోండి, సీసా వెనక్కి తెచ్చుకోండి.

నేను తుంబురుకు ఒక్కసారే వెళ్లాను, మోకాళ్లు ఇంకా నా మాట వింటున్న రోజుల్లో. జనం గోవిందా అంటూ పోతూ ఉంటే నేను రెండు చోట్ల ఆగిపోయాను. మొదటిది బిక్కి చెట్టు. మనిషి ఎత్తుకు కొంచెం ఎక్కువ, వంకర కొమ్మలు, కొమ్మ మీద తెల్ల పువ్వు, దాని పక్కనే అచ్చం అలాంటిదే పసుపు పువ్వు. రెండు రంగులా అని దగ్గరికి పోయి చూస్తే ఒకటే రకం. విచ్చినప్పుడు తెలుపు, వాడుతూ పసుపు. వాసన మల్లెకీ సంపెంగకీ మధ్యలో. వెనకాల వస్తున్న పెద్దావిడ "ఏంది నాయనా, దోవకడ్డం" అని గదమాయిస్తే కదిలాను.

రెండోది పువ్వే కాదు. గడ్డి వాలు మీద పొట్టి ఈత చెట్టులా ఉండే మొక్క, మాను మంటకు కమిలి నల్లగా, నెత్తిన లేత ఆకుల చుట్ట. కొండ ఈత అంటారు, పేరీత అని కూడా. సైకస్ బెడ్డోమి అన్నది శాస్త్రీయ నామం, తిరుపతి, కడప వైపు ఈ తూర్పు కనుమల కొండల్లో తప్ప లోకంలో వేరే చోట సహజంగా పెరగదు. ఈ జాతికి పూలుండవు, శంకువులే. పూల నడకలో పూవులేని చెట్టు దగ్గర అంతసేపు నిలబడ్డానని మా ఆయన ఇప్పటికీ ఎగతాళి చేస్తాడు.

ఎర్రచందనం పూత చూడాలన్నా ఈ కాలమే. పేరు విని ఎర్ర పూలు ఊహించుకుంటారు. ఎరుపు చేవలో ఉంటుంది, పువ్వు మాత్రం చిన్నగా, పసుపుగా.

ముక్కోటికి తేదీ కుదరలేదా? తిరుమల మీదనే జాపాలి దారి ఉంది, పాపవినాశనం రోడ్డు మీద దిగి చెట్ల నీడలో మెట్లు దిగి వెళ్లడం. చిన్న నడక, చిన్నపిల్లలతో అయినా సరే. కోతులకు మాత్రం చేతిలో ఏమీ కనబడనివ్వద్దు.

తలకోన: నీడకు సరే, పూలకు?

ఇక్కడ నాతో గొడవ పెట్టుకునేవాళ్లు చాలామంది ఉంటారు. తలకోన అందం గురించి నాకు పేచీ లేదు. 270 అడుగుల జలపాతం, సిద్ధేశ్వర స్వామి గుడి, మనిషి నడుమంత లావు గిల్లతీగ చెట్ల మీద నుంచి చెట్ల మీదకు పాకిన తీరు, రాతి చీలికల్లో బంగారు బల్లి. వసంతంలో పూల కోసమే బయల్దేరేవాళ్లకు మాత్రం అది తప్పు ఎంపిక అంటాను.

జలపాతం దారిలో అడవి వాగు తడి తాగి పెరిగింది. చెట్లు ఎత్తుగా, ఎండాకాలంలో కూడా ఆకుతో ఉంటాయి. అందుకే అంత చల్లగా ఉంటుంది. అవీ పూస్తాయి, కానీ ఎక్కడో పైన, ఆకుల వెనక. మనకు దక్కేది దారిలో రాలినవే. చెట్ల మీదుగా కట్టిన తాళ్ల వంతెన తెరిచి ఉంటే, ఆ 240 మీటర్లు మాత్రం కొమ్మల ఎత్తులో నడుస్తాం, అప్పుడు కొంత న్యాయం. మార్చి దాటితే జలపాతంలో నీళ్లు కూడా సన్నబడతాయి, నీళ్ల కోసం అయితే వానలయ్యాక వెళ్లాలి.

తమాషా ఏమిటంటే, తలకోనకు వెళ్లినవాళ్లంతా పూలు దాటుకునే వెళ్తారు. భాకరాపేట ఘాటు ఎక్కుతుంటే రోడ్డుకు రెండు వైపులా ఎండు అడవి, అందులో మోదుగలు. ఫిబ్రవరి చివర్లో పొద్దు ఏటవాలుగా పడుతున్నప్పుడు ఆ చెట్లు చూస్తే కొమ్మలకు నిప్పంటించినట్టే. సురక్షితంగా బండి ఆపే వెడల్పు ఉన్న చోట ఆపి, పది నిమిషాలు చూడండి. ఘాటు మలుపుల్లో మాత్రం ఆపొద్దు, ఆ రోడ్డు మీద లారీలు ఆగవు. మోదుగ పువ్వు ఒకటి రాలి ఉంటే తీసి చూడండి. నల్లటి మఖమల్ గిన్నెలోంచి చిలక ముక్కులా వంగిన నారింజ రేకు. సంస్కృతంలో దాన్ని కింశుకం అన్నారు, 'ఇది చిలకా ఏమి?' అని. మా నాన్న వాళ్లు విస్తళ్లు కుట్టిన ఆకులు ఈ చెట్టువే.

కాబట్టి ఇంట్లో ఒకరు పూలంటారు, ఒకరు చల్లగా కూర్చుందామంటారు, పిల్లలు నీళ్లంటారు అనుకుంటే, తలకోనే. పూలవాళ్లను కిటికీ పక్కన కూర్చోబెట్టండి.

హార్స్‌లీ కొండ: కారు దిగితే పూలు

ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ఉన్నవాళ్లకు ఏప్రిల్ అనగానే ఇంకో కొండ గుర్తొస్తుంది. ఏనుగు మల్లమ్మ కొండ అన్నది దాని పాత పేరు, తర్వాత హార్స్‌లీ అన్న కలెక్టరు పేరు నిలిచిపోయింది. ఎత్తు 1265 మీటర్లు. మదనపల్లె మీదుగా కారు తిన్నగా పైకి పోతుంది, కాబట్టి నడవలేని అమ్మానాన్నలకు ఇంతకంటే సులువైనది లేదు. కింద కాలిపోతున్నా పైన సాయంత్రానికి చున్నీ కప్పుకోవాల్సొస్తుంది.

కానీ ఒకటి తెలుసుకుని వెళ్లండి. అక్కడ మీరు చూసే పూలలో చాలావరకు నాటినవి. జకరండా ఊదా రంగు, ఎర్ర తురాయి, సిల్వర్ ఓక్ మీద పళ్లు తోమే బ్రష్షులాంటి బంగారు రంగు పూలు. మా చెల్లెలు బోర్డు మీద సిల్వర్ ఓక్ అని చదివి "ఇదిగో మీకూ ఓక్ ఉందిగా" అని సంబరపడింది. పేరులోనే ఓక్, అది ఆస్ట్రేలియా చెట్టు, ఓక్‌కూ దానికీ చుట్టరికం లేదు. మన కొండల్లో అసలు ఓక్ సహజంగా పెరగనే పెరగదు, మన దేశంలో దాన్ని చూడాలంటే హిమాలయాల వైపో, ఈశాన్య రాష్ట్రాల కొండలకో పోవాల్సిందే. కొండ మీద పేరుమోసిన కల్యాణి చెట్టు కూడా 1859లో నాటిన యూకలిప్టసే.

అలాగని తీసిపారేయను. గాలిబండ మీద పొద్దున ఆరింటికి నిలబడి, కింద వాలుల్లో మిగిలిన సొంత అడవిని చూస్తే రేల చెట్లు లెక్కపెట్టొచ్చు. ఫోటోలు ముఖ్యం, నడక ముఖ్యం కాదు అనుకునేవాళ్లకు హార్స్‌లీయే నా సలహా. అడవిపూలే కావాలనే పట్టుదల ఉంటే అంత దూరం డీజిలు తగలేయొద్దు.

మిగిలినవి ఒక్కో మాటలో

పుత్తూరు, నారాయణవనం వైపు కైలాసకోన చిన్న పిల్లలకు బాగుంటుంది, నడక తక్కువ, నీటి ధార ఉంటుంది, పూలు దారిలో దొరికినన్ని. ఉబ్బలమడుగు నీళ్ల కోసం పోయే చోటు, మడుగుల్లో ప్రాణాలు పోయిన సంగతులు ఏటా వింటున్నాం, పూల జాబితాలో దాన్ని నేను రాయను.

పలమనేరు, కుప్పం వైపు వాళ్లు కౌండిన్య అడవి గురించి అడుగుతారు. 1990లో అభయారణ్యం అయింది, ఏనుగుల కోసం. ఎండాకాలంలో ఏనుగులు నీళ్లు వెతుక్కుంటూ తిరుగుతాయి, సరిగ్గా మనం పూలు వెతుక్కునే కాలంలోనే. అక్కడ నడక వద్దు. రోడ్డుకు దగ్గర్లో ఉన్న కైగల్ జలపాతం చూసి, దారిలో మామిడి తోటల గట్ల మీద కానుగలు చూసుకుని పగలుండగానే వచ్చేయండి.

అమెరికాలో పిల్లల దగ్గరికి పోతున్న పెద్దవాళ్లకు

మా వీధిలోనే నాలుగిళ్ల వాళ్లు ఏటా బే ఏరియాకు పోయి వస్తారు. టికెట్టు తీసేటప్పుడు ఎండలు తప్పించుకోవడానికని మేలో పోతారు. మీకు ఆ పూల గుట్టలు చూడాలని ఉంటే మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో అక్కడ ఉండేలా చూసుకోండి. ఉగాది పచ్చడి తిని విమానం ఎక్కితే సరిపోతుంది.

అక్కడ కూడా ఎంపిక ఉంది. చెట్లు లేని గడ్డి గుట్టల మీద పూలు ముందు వస్తాయి, ముందు పోతాయి. ఓక్ నీడల్లో కాస్త ఆలస్యంగా వచ్చి కాస్త ఎక్కువ రోజులు ఉంటాయి. ఏప్రిల్ చివరికి చేరినవాళ్లు గుట్టలు వదిలి ఓక్ చెట్ల కిందికి పోవాలి. ఎడ్జ్‌వుడ్ పార్కు లాంటి చోట్ల నేల సర్పెంటైన్ రాతిది, పోషకాలు తక్కువ. బయటి నుంచి వచ్చిన గడ్డి అక్కడ బలంగా పెరగలేదు కాబట్టి స్థానిక పూలకు చోటు మిగిలింది. మిగతా గుట్టల మీద ఐరోపా గడ్డిదే రాజ్యం. మన దగ్గర లంటానా కంప, వయ్యారిభామ చేసిన పనే. మా మేనకోడలు తలకోన రోడ్డు పక్కన లంటానా చూసి ఎంత ముచ్చటపడిందో. అది మన అడవిది కాదమ్మా అంటే నమ్మదు.

పాయిజన్ ఓక్ అని ఒక పొద ఉంటుంది అక్కడ. అదీ ఓక్ కాదు. మూడేసి ఆకులు నిగనిగలాడుతూ ఉంటాయి, తగిలితే ఒళ్లంతా దద్దుర్లు, రోజుల తరబడి దురద. చీర కట్టుకుని నడిచేవాళ్లు దారి మధ్యలోనే నడవండి, కొంగు పొదలకు తగలనివ్వద్దు.

బయల్దేరే ముందు

ఇక్కడ వసంత నడక అంటే తెల్లారుజాము నడక. ఆరింటికి మొదలుపెట్టి తొమ్మిదిన్నరకల్లా నీడ పట్టాలి. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, ఉప్పేసిన మజ్జిగ ఒక సీసా. బండరాళ్ల మీద చెప్పులు జారతాయి, బూట్లు వేసుకోండి. ఎండుగడ్డిలో నడిస్తే ఉత్తరేణి గింజలు సాక్సు నిండా గుచ్చుకుంటాయి, ఇంటికొచ్చాక గంటసేపు పీక్కోవాలి, ముదురు రంగు ప్యాంటే మేలు. అగ్గిపెట్టె అసలు తేవద్దు. మార్చి, ఏప్రిల్లో ఈ కొండలు గడ్డివాములే.

ఇప్ప చెట్లున్న చోటుకు మరీ చీకటితో పోవద్దు. రాత్రి రాలిన పూలు తినడానికి ఎలుగుబంట్లు వస్తాయి, తెల్లారేదాకా ఉంటాయి. ఆ పూలు తియ్యగా ఉంటాయి, వాటి తప్పేముంది.

ఎవరైనా డబ్బు కట్టించుకుని ట్రెక్ అంటే అటవీ శాఖ అనుమతి కాగితం ముందే చూపించమనండి. ఫోటో పంపిస్తే దానిలో పూలు ఏ నెలవో చూడండి. మోకాలెత్తు పచ్చగడ్డి కనబడిందా, అది నవంబరు ఫోటో.

ఈసారి మా చెల్లెలు ఏప్రిల్ మొదటి వారంలో దిగుతోంది. మొదటి శనివారం శ్రీవారి మెట్టు, ఎక్కేది వాళ్లు, నేను బస్సులో పైకి పోయి జాపాలి దగ్గర కలుస్తాను. ఈ ఏడు తుంబురు ముక్కోటి ఆ రోజుల్లోనే పడుతుందేమో పంచాంగం చూడాలి, పడితే పెద్ద పిల్లాడిని వాళ్ల నాన్నతో పంపిస్తాం. తలకోన అడుగుతారు, తప్పదు, ఆదివారం పెట్టాం. కిటికీ సీటు నాది.